మందుల చదువు: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడింది కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫార్మసీ గురించే. ఒకే ప్రశ్న చాలామంది అడిగితే ఒక్క ఉత్తరం తీసుకున్నాను. ఎవరి పేర్లూ వేయలేదు. ఈ శీర్షికను కొత్తగా చదివేవారి కోసం చెబుతున్నాను: నేను వరంగల్‌లో బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ చదివాను. జీడిమెట్ల వైపు ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్‌లో కొన్నేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

ప్రశ్న: మేడం, నమస్తే. మాది మహబూబాబాద్ జిల్లా. బైపీసీ అయ్యాక నీట్ కోసం లాంగ్ టర్మ్ కూడా తీసుకున్నాను. ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఈఏపీసెట్ ర్యాంకుకు ఫార్మసీ సీటు వచ్చేలా ఉంది. "డాక్టర్ కాలేక మెడికల్ షాపు పెట్టుకుంటావా" అని చుట్టాలు అంటున్నారు. నాన్న పైకి నీ ఇష్టం అంటున్నారు కానీ లోపల దిగులు పడుతున్నారు. బి.ఫార్మసీలో అసలేం చెబుతారు? ఫార్మ్.డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదివితే పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చట. అది తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, ముందు చుట్టాల మాట తీసి పక్కన పెట్టు. వాళ్లకు ఫార్మసీ అంటే మందుల షాపు కౌంటర్ ఒక్కటే కనిపిస్తుంది. ఆ కౌంటర్‌లో నిలబడటం కూడా చిన్న పని కాదు, దాని గురించి కింద ఇంకో ఉత్తరానికి రాశాను. కానీ ఆ బిళ్ల షాపు దాకా రావడానికి ముందు దాన్ని కనిపెట్టినవాళ్లు, తయారు చేసినవాళ్లు, పరీక్ష చేసి "ఇది బయటికి పంపొచ్చు" అని సంతకం పెట్టినవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది చదివింది ఈ చదువే. జీడిమెట్ల, పటాన్‌చెరు, పాశమైలారం నుంచి విశాఖ దగ్గర పరవాడ దాకా మనవాళ్లు పొద్దున్నే కంపెనీ బస్సుల్లో వెళ్లి చేస్తున్నది ఈ పనులే.

నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టిన సిలబస్ దేశమంతటా ఒకటే. మొదటి ఏడాది శరీర నిర్మాణం, కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, రోగాలు ఎలా వస్తాయో చెప్పే పాథోఫిజియాలజీ. నువ్వు నీట్‌కు చదివిందంతా ఇక్కడ అక్కరకొస్తుంది. రెండో ఏడాది మైక్రోబయాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ. నాలుగో సెమిస్టర్ నుంచి అసలు కథ మొదలవుతుంది: మందు ఒంట్లో ఏం చేస్తుందో చెప్పే ఫార్మకాలజీ, దాని అణువు ఎలా ఉంటుందో చెప్పే మెడిసినల్ కెమిస్ట్రీ, మొక్కల నుంచి వచ్చే మందులను చెప్పే ఫార్మకాగ్నసీ. ఆ తర్వాత మందుల చట్టాలు, ఇండస్ట్రియల్ ఫార్మసీ, చివర్లో పరికరాలతో విశ్లేషణ, ప్రాజెక్టు.

ఈ లిస్టు చూసి ఇష్టమో కాదో నీకు తెలియదు. అందుకని మా ల్యాబ్‌లో జరిగే ఒక పని చెబుతాను.

మూడో ఏడాదిలో పిల్లల చేత పారాసెటమాల్ బిళ్లలు చేయిస్తాం. ఆ పొడిని ఉన్నదున్నట్టు మెషీన్‌లో పోస్తే బిళ్ల సరిగ్గా కట్టదు. స్టార్చ్‌తో గంజి కాచి, అందులో పొడిని ముద్దగా కలిపి, జల్లెడలోంచి నొక్కి, డ్రయర్‌లో ఆరబెట్టి, మళ్లీ జల్లెడ పట్టాలి. అప్పుడు వచ్చే గింజలను గ్రాన్యూల్స్ అంటాం. వాటికి టాల్క్, మెగ్నీషియం స్టియరేట్ కలిపి, బిళ్లలుగా నొక్కే పంచింగ్ మెషీన్‌కు ఎత్తాలి. ప్రతి ఏడాదీ ఏదో ఒక గ్రూపు బిళ్లలు పైపొర ఊడిపోయి రెండు ముక్కలుగా బయటికొస్తాయి. దాన్ని క్యాపింగ్ అంటారు. గంజి చాల్లేదా, గ్రాన్యూల్స్ మరీ ఎండిపోయాయా, మెత్తటి పొడి ఎక్కువైందా అని పిల్లలు వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. ఇంకో గ్రూపు, పంచ్‌కు అంటుకోకూడదని మెగ్నీషియం స్టియరేట్ కాస్త ఎక్కువ వేస్తుంది. వాళ్ల బిళ్లలు నున్నగా, చూడముచ్చటగా వస్తాయి. తీరా గ్లాసు గొట్టాల్లో పెట్టి 37 డిగ్రీల నీళ్లలో ముంచితే ఎంతకీ విడవవు. పూత లేని బిళ్ల 15 నిమిషాల్లో విడిపోవాలని మన మందుల ప్రమాణాల పుస్తకం ఇండియన్ ఫార్మకోపియా చెబుతుంది. విడవని బిళ్లలో ఎంత మంచి మందున్నా జ్వరం తగ్గదు. ఆ సంగతి ఆ గ్లాసు గొట్టాల ముందు నిలబడ్డప్పుడు ఎక్కినట్టు క్లాసులో ఎంత చెప్పినా ఎక్కదు. ఇది చదువుతుంటే "ఎందుకు విడవలేదు?" అని నీకు అడగాలనిపించిందా? అనిపిస్తే వచ్చి చేరు.

ఇక ఫార్మ్.డి. మన దేశంలో 2008లో మొదలైంది. ఆరేళ్లు, చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. డాక్టర్లతో కలిసి వార్డుల్లో తిరుగుతారు, రోగికి రాసిన మందుల్లో ఒకదానికొకటి పడనివి ఉన్నాయేమో చూస్తారు. మంచి చదువే. కానీ పేరు ముందు ఒక మాట కోసం ఆరేళ్లూ అంత డబ్బూ పెట్టొద్దు. మన ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు ఉద్యోగాలు ఇంకా తక్కువే. రోగుల మధ్య పనిచేయాలని గట్టిగా ఉన్నవాళ్లు తీసుకోవాలి. అమెరికాలో లైసెన్సు ఉన్న ఫార్మసిస్టు కావాలనుకునేవాళ్లకు కూడా ఇదే దారి. 2003 నుంచి పాసైన విదేశీ విద్యార్థులకు అక్కడి అర్హత పరీక్ష రాయాలంటే కనీసం ఐదేళ్ల ఫార్మసీ డిగ్రీ ఉండాలి, మన నాలుగేళ్ల బి.ఫార్మసీ సరిపోదు. కంపెనీ, ల్యాబ్, రీసెర్చ్ వైపు వెళ్లాలనుకుంటే బి.ఫార్మసీ చాలు. నన్నడిగితే, ఇంకా ఏమీ తేల్చుకోని నీకు బి.ఫార్మసీయే మంచిది. తర్వాత ఆసుపత్రి మీదకు మనసు మళ్లితే బి.ఫార్మసీ వాళ్ల కోసం మూడేళ్ల ఫార్మ్.డి వేరే ఉంది.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు నాన్నను వెంటబెట్టుకుని రెండు మూడు కాలేజీలకు వెళ్లి రా. కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకో. మెషీన్ రూం చూపించమను. పంచింగ్ మెషీన్ మీద దుమ్ముంటే అది నడవట్లేదన్నట్టే. బ్రోచర్ ఇచ్చే ఆయన్ని వదిలేసి, క్యాంటీన్ దగ్గర మూడో ఏడాది పిల్లల్ని పలకరించు. ప్రాక్టికల్స్ చేతులతో చేయిస్తున్నారా, రీడింగులు సీనియర్ల రికార్డుల్లోంచి దింపుకుంటున్నారా అని అడుగు. దాచకుండా చెబుతారు.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను కాకినాడ దగ్గర బి.ఫార్మసీ రెండో సంవత్సరం. ఇంటర్‌లో ఎంపీసీ. ఇంజినీరింగ్‌లో కోరుకున్న బ్రాంచి రాక ఇందులో చేరాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒకటి బ్యాక్‌లాగ్ ఉంది, రెండోది నడుస్తోంది. బయాలజీ పేర్లు నోరు తిరగవు. టెన్త్ వరకు తెలుగు మీడియం కావడంతో వైవాలో తెలిసింది కూడా చెప్పలేకపోతున్నాను. మానేద్దామా అని ఆలోచిస్తున్నాను.

జవాబు: నాయనా, మానేయకు. నీ దగ్గర చదువు లోపం కన్నా చదివే పద్ధతిలో ఇబ్బంది ఎక్కువ కనిపిస్తోంది.

ఆర్గానిక్ మూడు సెమిస్టర్లు వరసగా వస్తుంది. మొదటిది వదిలేసి రెండోది పట్టుకోలేవు. రోజూ గంటసేపు పాత సిలబస్‌కే కేటాయించు. రసాయన చర్యలను బట్టీ కొట్టకు, ఎలక్ట్రాన్లు ఎటు వెళ్తున్నాయో బాణాలు గీస్తూ కాగితం మీద రాయి. ల్యాబ్‌లో చేసిన దాన్ని పుస్తకంతో కలుపుకో. ఆస్పిరిన్ తయారీనే తీసుకో. సాలిసిలిక్ యాసిడ్‌లో ఫీనాల్ హైడ్రాక్సిల్ ఉంటుంది, దాన్ని అసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో మూసేస్తున్నాం. చివర్లో ఫెరిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదా రంగు వచ్చిందనుకో, మూయని హైడ్రాక్సిల్ ఇంకా మిగిలి ఉందన్నమాట, అంటే నీ ఆస్పిరిన్ శుద్ధంగా లేదు. ఈ ఒక్క పరీక్షలో నీ పుస్తకంలోని ఎస్టరిఫికేషన్ అంతా ఉంది.

ఆర్గానిక్ ఎందుకు చదువుతున్నామో తెలిస్తే బరువు సగం తగ్గుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినే ఉంటావు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1940ల్లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అదే ల్యాబ్‌లో ఆ అణువులో ఒకచోట హైడ్రాక్సిల్ బదులు అమైనో గ్రూపు పెట్టి, ఇంకోచోట ఒక మిథైల్ తగిలించారు. అది మెథోట్రెక్సేట్. ఫోలిక్ యాసిడ్ అనుకుని ఎంజైము దాన్ని పట్టుకుంటుంది, ఇక వదలదు, కణం విభజన ఆగిపోతుంది. విటమిన్ కాస్తా క్యాన్సర్ మందు అయింది. మార్పు ఎంతో చూడు, రెండు చోట్ల, అంతే. నువ్వు ఇప్పుడు తిట్టుకుంటున్న ఆ గ్రూపులే ఇవి. నాలుగో సెమిస్టర్‌లో మెడిసినల్ కెమిస్ట్రీ తెరవగానే ఎదురయ్యేది ఇలాంటి కథలే. ఆర్గానిక్ వచ్చినవాడికి అక్కడ పండగ.

బయాలజీకి భయపడకు. మీ ఎంపీసీ వాళ్ల కోసమే మొదటి సెమిస్టర్‌లో రెమిడియల్ బయాలజీ పెట్టారు. పాసైతే చాలని చాలామంది దాన్ని దాటేస్తారు. ఆ నోట్సు తీసి మళ్లీ చదువు. గుండె బొమ్మ చూడకుండా వేసి, రక్తం ఎటు నుంచి ఎటు వెళ్తుందో నోటితో చెప్పడం వస్తే బీపీ మందుల పాఠం దానంతటదే అర్థమవుతుంది. మందుల పేర్లకు తోకలు చూడు: అటెనొలాల్, మెటోప్రొలాల్ ఒక జాతి. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఇంకో జాతి. లోసార్టన్, టెల్మిసార్టన్ మరొకటి. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ కడుపులో యాసిడ్ తగ్గించేవి. జాతికి ఒకటి గట్టిగా చదివితే మిగతావి తేడాలే.

వైవా సంగతి. ముందు తెలుగులో నీకు నువ్వు చెప్పుకో. తర్వాత అదే విషయం చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో, రూమ్మేట్‌ను కూర్చోబెట్టి చెప్పు. ఎగ్జామినర్‌గా కూర్చున్నప్పుడు మేం గ్రామర్‌కు మార్కులు తీసేయం. "తెలుసు కానీ చెప్పలేకపోతున్నాను సార్" అని తెలుగులో విషయం చెప్పిన పిల్లాడికి నేను మంచి మార్కులే వేశాను. నోరు విప్పకుండా నిలబడితే మాత్రం ఎవరూ ఏం చేయలేరు.

ఒక అలవాటు ఇప్పుడే చేసుకో. ల్యాబ్ రికార్డులో వైట్‌నర్ వాడకు. తప్పు పడితే, కింద ఉన్నది కనపడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టు. కంపెనీలో చేరాక మొదటి ట్రైనింగులో చెప్పేది ఇదే. రీడింగు చెరిపేసి రాస్తే అక్కడ మొత్తం బ్యాచ్‌నే అనుమానిస్తారు.

ప్రశ్న: మేడం గారూ, నేను డి.ఫార్మసీ చేసి తెనాలిలో ఒక మెడికల్ షాపులో పనిచేస్తున్నాను. వయసు 26. పని చేసుకుంటూనే డిస్టెన్స్‌లో బి.ఫార్మసీ చేయొచ్చని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: కాదు బాబూ. బి.ఫార్మసీ రెగ్యులర్‌గానే చదవాలి, థియరీకి, ప్రాక్టికల్స్‌కి వేర్వేరుగా 80 శాతం హాజరు ఉండాలన్నది కౌన్సిల్ నిబంధన. "హాజరు మేం చూసుకుంటాం, డబ్బు కట్టండి" అనేవాళ్ల దగ్గరికి వెళ్లకు. నీకు డిప్లొమా చేసినవాళ్లు రాసే ప్రవేశ పరీక్ష, ఈసెట్ ఉంది. అందులో ఫార్మసీ పేపరు రాస్తే నేరుగా రెండో సంవత్సరంలో, అంటే మూడో సెమిస్టర్‌లో సీటు వస్తుంది. ఒక ఏడాది కలిసొస్తుంది. 26 ఏళ్లు పెద్ద వయసేం కాదు. పైగా కౌంటర్‌లో ఇన్నాళ్లు బ్రాండ్ పేర్లతో తిరిగినవాడివి, ఫార్మకాలజీ క్లాసులో నీకు తెలిసినన్ని మందులు పక్కవాళ్లకు తెలియవు. జీతం ఆగిపోతుందే అన్న బెంగ న్యాయమైనదే. సాయంత్రాలు షాపులో పనిచేసే ఏర్పాటు యజమానితో ముందే మాట్లాడుకో. మా దగ్గర అలా చదివి పాసైన వాళ్లున్నారు.

ప్రశ్న: అమ్మా, మాది ప్రకాశం జిల్లా. మా అమ్మాయి ఈ ఏడు బి.ఫార్మసీ పాసైంది. పెళ్లి కూడా కుదిరింది. మా బంధువు ఒకాయన మెడికల్ షాపు పెడుతున్నాడు. అమ్మాయి సర్టిఫికెట్ షాపుకు ఇస్తే నెలనెలా డబ్బు ఇస్తానంటున్నాడు. అమ్మాయి షాపుకు రానక్కర్లేదట, అందరూ చేసేదేనట. పెళ్లి ఖర్చులకు ఆసరా అవుతుందని మా ఆశ. అమ్మాయి మాత్రం ససేమిరా అంటోంది. మీరు నచ్చజెప్పండి.

జవాబు: తల్లీ, నేను నచ్చజెప్పాల్సింది మీకు. మీ అమ్మాయి చెప్పినట్టే వినండి.

చీటీ మీద ఇచ్చే మందును రిజిస్టరైన ఫార్మసిస్టు ఇవ్వాలి, లేదా ఆ ఫార్మసిస్టు దగ్గరుండి చూస్తుండగా ఇవ్వాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం, 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెబుతున్నది ఇదే. లైసెన్సు మీద అమ్మాయి పేరు ఉంటుంది. షెడ్యూల్ హెచ్1లో, అంటే అమ్మకం లెక్క రాయాల్సిన మందుల జాబితాలో ఉన్న యాంటీబయాటిక్ ఎవరికి అమ్మారో, ఏ డాక్టర్ రాశారో రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఆ అమ్మకాలు నడవాల్సింది ఆమె పర్యవేక్షణలో. తను అత్తారింట్లో ఉంటే ఇక్కడ ఎవరు ఏం అమ్మారో తనకెలా తెలుస్తుంది? రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మీ బంధువు ఒక్కడే కాదు, ఆ అమ్మాయి కూడా. ఆమె పేరును రిజిస్టరు నుంచి తొలగించే అధికారం కౌన్సిల్‌కు ఉంది. నాలుగేళ్ల చదువు అక్కడితో సరి.

చట్టం మాట అలా ఉంచండి. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో నా విద్యార్థిని ఒకమ్మాయి పనిచేస్తోంది. తను చెప్పిన సంగతి రాస్తాను. కీళ్లవాతం ఉన్న ఒక పెద్దావిడ చీటీ పట్టుకుని వచ్చింది. అందులో మెథోట్రెక్సేట్ ఉంది, పైన కాకినాడ అబ్బాయికి చెప్పిన మందే. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో వాడే దీన్ని కీళ్లవాతానికి చాలా చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పెద్దావిడ చేతిలో పాత స్ట్రిప్పు కూడా ఉంది. ఈ అమ్మాయి దాన్ని తీసుకుని చూసింది. వారం కిందట కొన్న స్ట్రిప్పులో వరసగా ఏడు బిళ్లలు ఖాళీ. "అమ్మమ్మా, ఎట్ల వేసుకుంటున్నవ్?" అని అడిగితే, "రాత్రి తిన్నంక ఒకటి బిడ్డా, బీపీ గోలీతోని" అంది. రోజూ! నోట్లో పుండ్లు మొదలయ్యాయని కూడా అప్పుడే చెప్పింది. ఈ మందు రోజూ పడితే రక్తకణాలు తయారుకావడం ఆగిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. అమ్మాయి వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి, ఆవిడను వీల్‌చైర్‌లో పైకి పంపించింది. ఆవిడ కోలుకుని ఇంటికెళ్లేటప్పుడు మళ్లీ కౌంటర్‌కు వస్తే, మందు కవరు మీద "సోమవారం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాసి, మనవడికి చదివి వినిపించి, ఫోలిక్ యాసిడ్ బిళ్ల ఏ రోజు వేసుకోవాలో వేరే కవరు మీద రాసిచ్చింది.

ఆ రోజు కౌంటర్‌లో సర్టిఫికెట్ గోడకు వేలాడుతూ, మనిషి లేకపోయి ఉంటే? స్ట్రిప్పు చేతిలో పెట్టి డబ్బులు తీసుకుని పంపేసేవారు. నేను ఈ ఉద్యోగంలో ఉన్నదే ఆ అమ్మాయిలాంటి వాళ్లు ఇంకా కొందరు తయారవ్వాలని. అందుకే ఈ అద్దె బేరం గురించి విన్నప్పుడల్లా నాకు మనసు మండిపోతుంది. అందరూ చేసేదే అయినంత మాత్రాన ఇది మంచిది అయిపోదు.

మీకు డబ్బు అవసరం ఉందని అర్థమైంది. మీ బంధువుతో ఇలా మాట్లాడండి: అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకుని, జీతం ఇచ్చి, కౌంటర్‌లో కూర్చోబెట్టుకోమనండి. పెళ్లయి ఊరు మారితే తన పేరు లైసెన్సు నుంచి తీసేయించి, కొత్త ఊళ్లో ఆసుపత్రి ఫార్మసీలోనో, ఇంకో షాపులోనో చేరొచ్చు. సొంతంగా పెట్టుకోవాలనుకున్నా పెద్ద హంగులేం అక్కర్లేదు. రిటైల్ షాపుకు కనీసం పది చదరపు మీటర్ల స్థలం, ఇన్సులిన్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడానికి ఫ్రిజ్, కూర్చునే ఫార్మసిస్టు. ఆ ఫార్మసిస్టు మీ ఇంట్లోనే ఉంది. కాబోయే అల్లుడి గారింట్లో ఈ విషయం ఇప్పుడే మాట్లాడండి, పెళ్లయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.

ప్రశ్న: ఫైనల్ ఇయర్‌లో ఉన్నాం. ఎం.ఫార్మసీ కోసం జీప్యాట్ పరీక్ష రాయాలా, క్యాంపస్ ఉద్యోగం తీసుకోవాలా? – హైదరాబాద్ నుంచి ముగ్గురు స్నేహితులు

జవాబు: ఇంట్లో మీ జీతం కోసం ఎదురుచూస్తుంటే ఉద్యోగం తీసుకోండి. క్వాలిటీ కంట్రోల్‌లో షిఫ్టులుంటాయి, మొదట్లో జీతం తక్కువ, కానీ మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరం మీద చేయి తిరిగితే రెండేళ్లకు మీరే కంపెనీ ఎంచుకోవచ్చు. ఇంట్లో ఆ ఒత్తిడి లేకపోతే జీప్యాట్ తప్పకుండా రాయండి. 2024 నుంచి దీన్ని జాతీయ వైద్య పరీక్షల బోర్డు నిర్వహిస్తోంది. ఫైనల్ ఇయర్ వాళ్లు రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, కాబట్టి ఉద్యోగంలో చేరినా పోయేదేమీ లేదు. క్వాలిఫై అయి గుర్తింపు ఉన్న కాలేజీలో ఎం.ఫార్మసీ చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. బాలానగర్‌లో జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ నైపర్ ఉంది, దానికి జీప్యాట్‌తో పాటు వాళ్ల ప్రవేశ పరీక్ష కూడా రాయాలి. కొత్త గైడ్లు కొనేముందు మీ సెమిస్టర్ నోట్సులే తీసి ఫార్మస్యూటిక్స్, ఫార్మకాలజీ, కెమిస్ట్రీ, అనాలిసిస్ ఒకసారి పూర్తిగా తిరగేయండి. ముగ్గురూ తలా ఒక సబ్జెక్టు తీసుకుని మిగతా ఇద్దరికీ చెప్పుకోండి. మీ కాలేజీలో ఫార్మకాగ్నసీ మ్యూజియం ఉందని రాశారు కదా, సాయంత్రం తాళం వేసేలోపు వెళ్లి అక్కడి మందు మొక్కల సీసాల మీద లేబుళ్లు మూసి గుర్తుపట్టడం మొదలుపెట్టండి.